హార్డ్‌నెస్ సరిపోయింది, మెగ్నీషియం సరిపోలేదు: ఇందుకూరుపేట మండలంలో ఒక వనామీ రొయ్యల గుంట కేసు

అమావాస్య వెళ్లిన మూడో రోజు పొద్దున్నే ఫోను. "సార్, రెండో గుంటలో రొయ్య పొట్టు గట్టిపడటం లేదు. చెక్ ట్రే ఎత్తితే నాలుగైదు వంకర పోయి అట్టానే ఉండిపోతుండాయి. మినరల్ కొట్టినాం, సున్నం కొట్టినాం, ఏం తేడా కనపడలా. ఒకసారి వచ్చి చూస్తారా?"

రైతు నాకు ఆరేడేళ్లుగా తెలిసినాయన. ఊరికే గాభరా పడే మనిషి కాదు. మైపాడు రోడ్డు పక్కన ఆయనకు చెరో ఎకరం గుంటలు రెండున్నాయి. రెండింటిలోనూ ఒకే హేచరీ సీడ్ (రొయ్య పిల్లలు), ఒకే రోజు ఎకరానికి 1,20,000 చొప్పున వదిలారు. మేత ఒకటే, చూసుకునే మనిషీ ఒకరే. ఫోన్ వచ్చేనాటికి కల్చర్ 52వ రోజు, రొయ్య సగటున 8 గ్రాములు. మొదటి గుంట బ్రహ్మాండంగా ఉంది. రెండో గుంటలో రోజుకు 32 కిలోలు తినాల్సిన మేత 20 కిలోలకు పడిపోయింది, చెక్ ట్రేలో (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) రోజూ పది పన్నెండు చావులు. తేడా అంతా ఒక్క గట్టు దూరంలోనే ఉండటం ఈ కేసులో నాకు దొరికిన అదృష్టం. పోల్చి చూడటానికి వేరే ఊరు వెళ్లాల్సిన పని లేకుండా పోయింది.

పొద్దున ఆరింటికి గుంట మీదికి చేరాను. ఆక్సిజన్ 4.1, పిహెచ్ 8.1 (ముందురోజు సాయంత్రం 8.8 అని వాచ్‌మన్ రాసి పెట్టాడు), ఉప్పు 6 పిపిటి (అంటే వెయ్యికి ఆరు వంతులు), ఆల్కలినిటీ (పిహెచ్ ఊగిపోకుండా పట్టి ఉంచే కార్బొనేట్ల లెక్క) 95. అమ్మోనియా భయపడేంత లేదు. విసురు వల వేయించి వంద రొయ్యలు లెక్కపెట్టాం. మెత్తటివి 31. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మోల్టింగ్ (పాత పొట్టు వదలడం) ఎక్కువ. అది అయిన రోజు మెత్తగా ఉండటం మామూలే, మర్నాటికల్లా గట్టిపడాలి. మూడో రోజుకు కూడా నూటికి ముప్పై మెత్తగా ఉన్నాయంటే మామూలు సంగతి కాదు.

ఒక రొయ్యను అరచేతిలో పెట్టుకుని తలపొట్టు మీద బొటనవేలు ఆనించాను. తడిసిన కాగితంలా లోపలికి పోయింది, మళ్లీ పైకి రాలేదు. ఇంకొకటి చేతిలోకి తీసుకోగానే ఎగిరి, తోక కిందికి వంగి బిగుసుకుపోయింది. నిమిషం చూశాను, విప్పుకోలేదు. నడుం దగ్గర మూడో కణుపులో కండ ఉడకబెట్టినట్టు తెల్లగా మారడం కళ్ల ముందే కనిపించింది. లివర్ మాత్రం ముదురు గోధుమ రంగులో నిండుగా ఉంది, పేగులో మేత సగానికి పైగానే ఉంది. మూడు రోజుల ముందు ఇచ్చిన పీసీఆర్ పరీక్షలో వైట్ స్పాట్ వైరస్ లేదు, రొయ్య లివర్‌ను పట్టే ఈహెచ్‌పీ పరాన్నజీవి లేదు. రోగం పట్టిన రొయ్య ఒంటి తీరు ఇలా ఉండదు. ఇది నీళ్లలో ఏదో లోటుపడిన రొయ్య.

ఏరియేటర్ రెక్కల మీద, ఫ్లోట్ అంచుల మీద తెల్లటి పెచ్చు కట్టి ఉంది. గోటితో గీకితే బియ్యపు రవ్వలా రాలింది. నా కిట్‌లో ఉన్న పలచని ఆసిడ్ ఒక చుక్క వేస్తే బుసబుసమని పొంగింది. అది కాల్షియం కార్బొనేట్. మొదటి గుంట ఏరియేటర్లు చూస్తే శుభ్రంగా ఉన్నాయి.

రైతు ఫైలు తెచ్చి పది రోజుల కిందటి ల్యాబ్ రిపోర్టు చూపించాడు. మొత్తం హార్డ్‌నెస్ 1,120, పక్కన "మినరల్స్ సరిపోయాయి" అని టిక్కు. "వెయ్యి దాటింది గదా సార్, ఇంకేం తక్కువైనట్టు?" అన్నాడు. ఆయన ప్రశ్నలో తప్పు లేదు. ఆ అంకెలో కూడా తప్పు లేదు. 6 పిపిటి నీళ్లకు మొత్తం హార్డ్‌నెస్ దాదాపు అంతే ఉండాలి. కాకపోతే అది రెండు ఖాతాలు కలిపేసిన అంకె. అందులో కాల్షియం ఎంత, మెగ్నీషియం ఎంత అన్నది ఆ రిపోర్టులో ఎక్కడా లేదు.

అక్కడే షెడ్డులో కూర్చుని విడదీశాను. 10 మిల్లీలీటర్ల గుంట నీళ్లను డిస్టిల్డ్ వాటర్‌తో 50కి పెంచి, బఫర్ పోసి, ఎరియోక్రోమ్ బ్లాక్ అనే రంగు వేస్తే ద్రాక్షపండు ఎరుపు వచ్చింది. కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని పట్టుకునే ఈడీటీఏ ద్రావణం 11 మిల్లీలీటర్ల దగ్గర నీలం తిరిగింది. అంటే 1,100. ఇంతవరకూ పాత రిపోర్టే. రెండో ఫ్లాస్కులో అంతే నీళ్లు తీసుకుని కాస్టిక్ సోడాతో పిహెచ్ 12 దాటించాను. అక్కడ మెగ్నీషియం పక్కకు దిగిపోతుంది, ఈడీటీఏకి కాల్షియం ఒక్కటే దొరుకుతుంది. మ్యూరెక్సైడ్ అనే ఇంకో రంగు వేసి బ్యూరెట్ తిప్పాను. సముద్రపు నీటి తీరు ఉంటే రెండు మిల్లీలీటర్ల లోపే గులాబీ రంగు ఊదాకు మారాలి. రెండు దాటింది, మూడు దాటింది, ఐదు దాటినా గులాబీయే. ఏడు దగ్గర మారింది. నమ్మకం చాలక ఇంకోసారి చేశాను, మళ్లీ ఏడే.

లెక్క ఇలా తేలింది. కాల్షియం హార్డ్‌నెస్ 700, దాన్ని 0.4తో గుణిస్తే లీటరుకు 280 మిల్లీగ్రాముల కాల్షియం. మిగిలిన 400ని 0.243తో గుణిస్తే 97 మిల్లీగ్రాముల మెగ్నీషియం. ఉప్పు శాతాన్ని బట్టి ఏ ఖనిజం ఎంత ఉండాలో చెప్పడానికి అమెరికా ఆక్వాకల్చర్ శాస్త్రవేత్త క్లాడ్ బాయిడ్ ఇచ్చిన గుణకాలు మాకు రోజూ పనికొస్తాయి: మెగ్నీషియానికి 39.1, కాల్షియానికి 11.6, పొటాషియానికి 10.7. ఆరుతో గుణించి చూడండి. మెగ్నీషియం 235 ఉండాలి, కాల్షియం 70 ఉండాలి, పొటాషియం 64 ఉండాలి. సముద్రంలో కాల్షియానికి మూడు రెట్లు ఉండే మెగ్నీషియం ఈ గుంటలో మూడో వంతు ఉంది. మొత్తం సరిపోయింది, లోపల తలకిందులైంది. నెల్లూరులో పొటాషియం కొలిచే ఫ్లేమ్ ఫోటోమీటర్ ఉన్న చోట చూపిస్తే పొటాషియం 22 వచ్చింది. మొదటి గుంటలో అదే పరీక్ష చేస్తే కాల్షియం 120, మెగ్నీషియం 231.

రెండు గుంటలకూ తేడా ఎక్కడొచ్చిందని అడిగితే అప్పుడు చెప్పాడు. మొదటి గుంటకు పాత బోరు, రెండో దానికి ఈ ఏడాది పడమటి గట్టున కొత్తగా వేసిన లోతు బోరు. పెన్నా డెల్టా బంకమట్టి పొరల్లోకి ఉప్పునీరు చొరబడినప్పుడు, ఆ నీళ్లలోని సోడియం మట్టిని పట్టుకుని, మట్టి పట్టి ఉంచిన కాల్షియాన్ని నీళ్లలోకి తోసేస్తుంది. పొటాషియాన్ని మట్టి మింగేస్తుంది. నాలుక మీద వేసుకుంటే రెండు బోర్ల నీళ్లూ ఒకే ఉప్పన, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో ఒకే గీత. రొయ్యకు మాత్రం అవి రెండు వేరు వేరు నీళ్లు. టైగర్ రొయ్య కాలంలో ఎక్కువ గుంటలు క్రీకుల (సముద్రపు పాయల) పక్కనే ఉండేవి, ఎక్కువగా సముద్రపు నీళ్లే వాడేవాళ్లం, ఈ గొడవ అంతగా లేదు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక, అది తక్కువ ఉప్పులోనూ బతుకుతుంది కాబట్టి గుంటలు లోపలి ఊళ్లకు, బోర్ల మీదికి జరిగాయి. బతకడం వేరు, పెరగడం వేరు. తీరంలో బోరు నీళ్లు లాగే కొద్దీ పక్క ఊరి మంచినీళ్లు ఉప్పగిల్లుతాయన్న బాధ నాకుంది, కొత్త బోరు వేస్తామని అడిగిన ప్రతి రైతుకూ ఆ మాట చెప్తాను.

మెగ్నీషియం తగ్గితే రొయ్యకు ఏమవుతుంది? వనామీ ఒంట్లో ఉప్పు, బయట ఉప్పు సమానంగా ఉండేది దాదాపు 25 పిపిటి దగ్గర. ఆరు పిపిటిలో దాని మొప్పలు రాత్రింబగళ్లు ఉప్పును లోపలికి తోడుకుంటూనే ఉండాలి. ఆ తోడే పంపుకు పొటాషియం కావాలి, పంపు నడిచే శక్తికి మెగ్నీషియం కావాలి. రెండూ తక్కువైతే మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తుంది. మోల్టింగ్ నాడు నీళ్లు ఒంట్లోకి తీసుకుని ఉబ్బి, పాత పొట్టు వదిలి, కొత్త పొట్టుకు ఖనిజాలు పట్టించాలి. అక్కడ చేతులెత్తేస్తుంది. కండ బిగుసుకుపోవడం కూడా ఈ లోటుకు గుర్తే.

ఆ తెల్ల పెచ్చు సంగతీ ఇందులోదే. నీళ్లలో మెగ్నీషియం తగినంత ఉంటే అది కాల్షియం కార్బొనేట్ స్ఫటికం మీద అంటుకుని దాన్ని పెరగనివ్వదు. లేకపోతే సాయంత్రం పిహెచ్ పెరిగినప్పుడల్లా కాల్షియం, ఆల్కలినిటీ జతకట్టి పెచ్చుగా దిగిపోతాయి. పగడాల అక్వేరియం పెంచేవాళ్లకు ఇది బాగా తెలుసు. మెగ్నీషియం 1,300 దగ్గర నిలవకపోతే కాల్షియం, ఆల్కలినిటీ ఎంత పోసినా నిలవవు, హీటర్ మీదా పంపు మీదా తెల్లగా గడ్డకడతాయి. మన రైతు పొట్టు మెత్తగా ఉందని వారానికి రెండుసార్లు సున్నం వేశాడు. కాల్షియం ఎక్కువైన నీళ్లలో ఇంకాస్త కాల్షియం. ఆల్కలినిటీ పెరగాల్సింది పోయి 140 నుంచి 95కి జారింది. నేను మొదట చెప్పింది సున్నం ఆపమని.

మరి వేసిన మినరల్ మిక్చర్ ఏమైంది? ఇక్కడ కాగితం తీసి రైతు ముందే లెక్క వేశాను. ఎకరం 4,047 చదరపు మీటర్లు, సగటు లోతు 1.2 మీటర్లు. సుమారు 48.5 లక్షల లీటర్ల నీళ్లు. లీటరుకు ఒక్క మిల్లీగ్రాము పెంచాలంటే 4.85 కిలోల అసలు మెగ్నీషియం కావాలి. పది కిలోల మిక్చర్ బ్యాగులో పదో వంతు మెగ్నీషియమే అనుకున్నా అది ఒక కిలో. నీళ్లలో పెరిగేది 0.2 మిల్లీగ్రాములు. "అంటే ఇన్నాళ్లూ నేనేసింది..." అని ఆగిపోయాడు. ఆయన వేసింది మోసమూ కాదు, దండగా కాదు. మేతకు పట్టించి ఇస్తే కొంత పనికొస్తుంది. నీళ్ల లోటు పూడ్చే మోతాదు మాత్రం అది కాదు.

ఎంత పెంచాలి, దేనితో పెంచాలి అన్న దగ్గర చాలాసేపు ఆగాం. కాల్షియం 280కి మూడు రెట్లంటే మెగ్నీషియం 840 కావాలి. ముప్పై టన్నుల మెగ్నీషియం క్లోరైడ్. ఎవరూ చేయలేరు, చేయనక్కరలేదు కూడా. నిష్పత్తిని పట్టుకుని వేలాడకుండా ముందు 160కి తెద్దామనుకున్నాం. అదైనా తక్కువ పనేం కాదు. మెగ్నీషియం క్లోరైడ్‌లో మెగ్నీషియం 12 శాతమే, కాబట్టి ఒక్క మిల్లీగ్రాముకు 40 కిలోలు, మొత్తం రెండున్నర టన్నులు, యాభై కిలోల బస్తాలు యాభై. మెగ్నీషియం సల్ఫేట్ అయితే ఇంకా ఎక్కువ పడుతుంది. పైగా నల్లమట్టి పేరుకున్న గుంటలో సల్ఫేట్ పోయడం నాకు ఇష్టం ఉండదు, అడుగున ఆక్సిజన్ లేని చోట అది కుళ్లు గుడ్డు వాసన గ్యాసుకు మేత అవుతుంది.

క్రీకు నీళ్లు పెట్టుకుందామన్నాడు రైతు. లెక్క ప్రకారం అది అన్నిటికన్నా తేలిక. 25 పిపిటి క్రీకు నీళ్లు పదో వంతు మార్చితే చాలు, మెగ్నీషియం 185 దగ్గరికి, పొటాషియం 46 దగ్గరికి వస్తాయి. కానీ క్లోరిన్ వేసి నిలవబెట్టుకునే రిజర్వాయర్ ఆయనకు లేదు. పీతలతో, చిన్న రొయ్యలతో వచ్చే వైట్ స్పాట్‌ను బలహీనపడిన గుంటలోకి నా చేతులతో పంపలేను. వద్దన్నాను.

అప్పుడు ఇస్కపల్లి ఉప్పు మళ్లు గుర్తొచ్చాయి. ఉప్పు గీసి తీసేశాక మడిలో మిగిలే జిడ్డు చేదు నీరు ఉంటుందే, అది. సముద్రపు నీరు చిక్కబడేటప్పుడు కాల్షియం ముందే జిప్సంగా దిగిపోతుంది, తర్వాత ఉప్పు దిగుతుంది, మెగ్నీషియం, పొటాషియం చివరిదాకా నీళ్లలోనే ఉంటాయి. మన గుంటలో ఏది ఎక్కువో అది లేకుండా, ఏవి తక్కువో అవి నిండుగా. ఆ చిక్కదనంలో పీత కాదు కదా, ఏ చిన్న పురుగూ బతకదు. శాంపిల్ తెచ్చి వెయ్యి రెట్లు పలచన చేసి చూస్తే లీటరుకు 36 గ్రాముల మెగ్నీషియం, 10 గ్రాముల పొటాషియం. కాల్షియం దాదాపు లేనట్టే. 5,000 లీటర్ల టాంకరు ఒకటి పోస్తే మెగ్నీషియం 37 మిల్లీగ్రాములు పెరుగుతుంది. అంటే ముప్పై బస్తాల క్లోరైడ్‌తో సమానం. కిరాయితో కలిపినా బస్తాల ఖర్చులో మూడో వంతు కాలేదు.

పొటాషియం ఆలస్యం చేయకూడదని ఆ సాయంత్రమే తెల్ల పొటాష్ రెండు బస్తాలు డ్రమ్ములో కరిగించి చల్లించాం. మర్నాడు రాత్రి మొదటి టాంకరులో సగం.

ఆ రాత్రి నేను చేసిన పొరపాటు రాయాలి. పైపును నీళ్లు పెట్టే మూలలోనే వదిలి, టాంకరు ఖాళీ అవుతుందిలే అనుకున్నాను. నలభై నిమిషాల్లో 2,500 లీటర్లు దిగాయి. చేదు నీరు మామూలు నీటికన్నా ఎంతో బరువు. అది కలవలేదు, అడుగున పాకింది. పదకొండున్నరకు వాచ్‌మన్ పిలిస్తే వెళ్లి చూశాం. టార్చి వేస్తే ఎదుటి గట్టు అంచున రొయ్యలు గుంపుగా, కళ్లు ఎర్రగా మెరుస్తూ. మూల దగ్గర పైన నీళ్లు 6 పిపిటి, అడుగు నుంచి తీసిన సీసాలో 19. నాలుగు ఏరియేటర్లూ వేసి, ఇద్దరు మనుషులతో అడుగున గొలుసు లాగించాం. మూడింటికి పైనా కిందా ఒకటైంది. ఆ మూలలో నలభైకి పైగా రొయ్యలు పోయాయి. అవి రోగంతో పోయినవి కాదు, నా తొందరతో పోయినవి. తర్వాత నుంచి సన్న పైపు పెట్టి, తిరుగుతున్న ఏరియేటర్ రెక్కల ముందే, నాలుగు చోట్లా గంట గంట చొప్పున వదిలాం. చీకటి పడ్డాక మొదలుపెట్టి, రాత్రికి సగం టాంకరు మించకుండా.

రెండో టాంకరు విషయంలో ఇంకోటి తప్పాను. మొదటి దాన్ని పరీక్షించాను కాబట్టి రెండోది అంతే ఉంటుందనుకున్నాను. పోసిన తర్వాత అనుమానమొచ్చి, అడుగున మిగిలిన నీళ్లు చూస్తే 29 గ్రాములే. అది వేరే మడిలో నింపారట. అందుకే 171 రావాల్సిన మెగ్నీషియం లెక్కలో 164 దగ్గర ఆగింది. వారం తర్వాత గుంటలో కొలిస్తే 160. పొటాషియం 50 అనుకున్నది 46 వచ్చింది, మిగతాది మట్టి తీసుకుంది. కాల్షియం 265కి దిగింది.

చావులు ఆగడానికి ఐదు రోజులు పట్టింది. మేత తొమ్మిదో రోజుకు మళ్లీ 30 కిలోలు దాటింది. ఆల్కలినిటీ కోసం రాత్రిపూట వంటసోడా కొద్దికొద్దిగా ఇచ్చాం. ఇదివరకు రెండు రోజుల్లో జారిపోయేది, ఇప్పుడు 125 దగ్గర నిలబడింది. ఏరియేటర్ రెక్కలు గీకి శుభ్రం చేయించాను, పెచ్చు మళ్లీ కట్టలేదు. అసలు పరీక్ష పౌర్ణమి. మోల్టింగ్ తర్వాత మూడో రోజు అదే వల, అదే చోట, వంద రొయ్యలు. మెత్తటివి ఆరు. వంకర పోయినవి లేవు. రైతు ఒకదాన్ని తీసి నా చేతిలో పెట్టి, "నొక్కండి సార్" అన్నాడు. గట్టిగా, గరుకుగా తగిలింది.

96వ రోజున 50 కౌంట్‌లో (కిలోకు 50 రొయ్యలు) పట్టారు, 1.7 టన్నులు. మొదటి గుంట అంత రాలేదు, పోయిన రొయ్య పోయింది కదా. మెగ్నీషియం, పొటాషియం రెండూ ఒకే వారంలో ఇచ్చాం, సున్నం ఆపాం. కాబట్టి కోలుకోవడాన్ని ఒక్క మెగ్నీషియం ఖాతాలో రాయను. చివరిదాకా మెగ్నీషియం కాల్షియానికి 0.6 వంతే ఉంది, అయినా రొయ్య పెరిగింది. నిష్పత్తి మూడు కావాల్సిందేనని బస్తాలకు బస్తాలు పోయించే వాళ్లతో నేను ఏకీభవించకపోవడానికి ఇదో కారణం. లోటు ఎంతో కొలిచి, రొయ్య ఎంతకు తేరుకుంటుందో చూసి ఆగాలి.

ఇప్పుడు ఆయన దగ్గర కాల్షియం, మెగ్నీషియం విడిగా లేని రిపోర్టు ఉండదు. గుంట నింపక ముందే బోరు నీళ్లు తెచ్చి చూపిస్తాడు. అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వానలు పడితే గుంట పలచబడుతుంది, ఆ రోజుల్లో ఉప్పు మళ్లలో చేదు నీరు దొరకదు. అందుకని మే నెలలోనే రెండు టాంకర్లు తెప్పించి గట్టు మీద ప్లాస్టిక్ ట్యాంకుల్లో పోయించాడు. ప్రతి ట్యాంకు మూత మీద అందులో లీటరుకు ఎన్ని గ్రాముల మెగ్నీషియం ఉందో మార్కర్‌తో రాశాం: 34, 31, 36, 36.